బేస్‌బాల్ టీమ్‌లు ఊళ్లు మారకపోయి ఉంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ చరిత్రను ముందేసుకుని "ఇది ఇలా కాకుండా అలా జరిగి ఉంటే" అని ఊహించుకోవడం నాకు ఎప్పటినుంచో ఉన్న పిచ్చి. ఆ మాట ఎత్తిన ప్రతిసారీ స్నేహితులు, చుట్టాలు అడిగే ప్రశ్నలు దాదాపు అవే. అందుకే జవాబులు ఒకచోట రాసిపెట్టాను. ఆట తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఇందులో బ్యాటూ బంతీ కన్నా ఓనర్లు, మేయర్లు, జడ్జీలే ఎక్కువ కనిపిస్తారు.

టీమ్ ఊరు మారడం ఏంటి? మన ఐపీఎల్‌లో అలా లేదు కదా?

మన దగ్గర టీమ్ మూతపడితే ఆ చోటికి ఇంకోటి వస్తుంది. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో రద్దయింది. మరుసటి ఏడాది అదే హైదరాబాద్‌లో వేరే ఓనర్‌తో సన్‌రైజర్స్ మొదలైంది. అంటే ఊరు అక్కడే ఉంది, టీమ్ మారింది. అమెరికాలో దీనికి తలకిందులు. ఆటగాళ్లు, రికార్డులు, చాలాసార్లు పేరుతో సహా అన్నీ మూటగట్టుకుని ఓనర్ ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. డాడ్జర్స్ అన్న పేరు న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ వీధుల్లో ట్రాలీ బళ్లను తప్పించుకుంటూ నడిచే జనం నుంచి వచ్చింది. ఆ టీమ్ లాస్ ఏంజెలస్‌లో ఆడటం మొదలుపెట్టి 65 ఏళ్లు దాటినా పేరు మాత్రం అదే.

ఇన్ని ఆటలుండగా ఊహించుకోవడానికి బేస్‌బాలే ఎందుకు?

1903 నుంచి 1952 దాకా ఈ ఆటలో ఒక్క టీమ్ కూడా కదల్లేదు. అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండూ కలిపి 16 టీమ్‌లు, 10 నగరాలు, 50 ఏళ్లు. పడమటి సరిహద్దు సెయింట్ లూయిస్. ప్రయాణమంతా రైళ్లలోనే కాబట్టి అంతకు మించి వెళ్తే మ్యాచ్‌ల షెడ్యూలే కుదరదు. అలాంటిది 1953లో బోస్టన్ బ్రేవ్స్ మిల్వాకీకి మారింది. అంతకు ముందు ఏడాది బోస్టన్‌లో ఆ టీమ్ ఆట చూసినవాళ్లు సీజన్ మొత్తానికి 2 లక్షల 81 వేలు. మిల్వాకీలో మొదటి ఏడాదే 18 లక్షల 26 వేలు! ఆ అంకె చూశాక మిగతా ఓనర్లకి నిద్ర పట్టలేదు. 1954లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ బాల్టిమోర్‌కి, 1955లో ఫిలడెల్ఫియా ఏథ్లెటిక్స్ కాన్సస్ సిటీకి, 1958లో డాడ్జర్స్, జెయింట్స్ రెండూ కాలిఫోర్నియాకి వెళ్లిపోయాయి.

ఇంకో కోణంలో చెప్తాను. ఇవాళ తెలుగువాళ్లు గుంపులుగా ఉండే డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా, సియాటిల్, బే ఏరియా తీసుకోండి. 1957 సీజన్ ముగిసేదాకా వీటిలో ఒక్కచోట కూడా మేజర్ లీగ్ టీమ్ లేదు. ఇప్పుడు మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లే స్టేడియాలన్నీ ఎవరో వలస రావడం వల్లో, లీగ్ కొత్తగా ఇవ్వడం వల్లో వెలిసినవే.

ఓనర్ తలుచుకుంటే ఎక్కడికైనా వెళ్లిపోవచ్చా?

లేదు. అసలు కీలకం ఇక్కడే ఉంది. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్‌కి గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. 1953లో, 1972లో మళ్లీ అదే మాట అంది. వేరే ఏ ఆటకీ ఇంత వెసులుబాటు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓక్లండ్ రైడర్స్ లీగ్ వద్దన్నా కోర్టుకెక్కి 1982లో లాస్ ఏంజెలస్‌కి వెళ్లిపోయింది. బేస్‌బాల్‌లో అది నడవదు. ఇప్పటి నియమం ప్రకారం నాలుగింట మూడొంతుల మంది ఓనర్లు ఒప్పుకుంటేనే టీమ్ కదలాలి.

దీనివల్ల ఓనర్లకి రెండు లాభాలు. టీమ్‌ల సంఖ్య ఎప్పుడూ తక్కువగానే ఉంచొచ్చు, టీమ్ లేని ఊళ్లను చూపించి ఉన్న ఊళ్లను బెదిరించొచ్చు. నష్టం కూడా ఉంది. ఆ మినహాయింపు తీసేస్తామని కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, కళ్లెర్రజేసినప్పుడల్లా వణుకు పుడుతుంది. టీమ్ పోగొట్టుకున్న ఊరు ఊరుకోదు, కోర్టుకో సెనేటర్ దగ్గరికో పరిగెడుతుంది. ఆ పోరు పడలేక లీగ్ కొత్త టీమ్ ఇస్తుంది. 1961 నుంచి 1977 దాకా జరిగిన విస్తరణల్లో చాలాభాగం ఇలా తీర్చిన పాత బాకీలే. కాబట్టి ఒక వలసను చరిత్రలోంచి చెరిపేస్తే, దాని వెనకాల పుట్టిన టీమ్‌ని కూడా చెరిపేయాలి. చాలామంది ఊహలు ఇక్కడే బోల్తా కొడతాయి. డాడ్జర్స్‌ని బ్రూక్లిన్‌లో ఉంచేస్తారు, ఆ టీమ్ వెళ్లిపోవడం వల్లే పుట్టిన న్యూయార్క్ మెట్స్‌ని కూడా మళ్లీ ఆడిస్తారు!

యుద్ధం వల్ల ఆగిపోయిన టీమ్ ఒకటుందట, నిజమేనా?

నిజమే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు కూడా అదే. సెయింట్ లూయిస్‌లో రెండు టీమ్‌లుండేవి. కార్డినల్స్‌కి జనం విరగబడేవాళ్లు. బ్రౌన్స్ ఆటకి 1935లో సీజన్ మొత్తం మీద వచ్చింది 80,922 మంది. ఓనర్ డొనాల్డ్ బార్న్స్ విసిగిపోయి 1942 నుంచి లాస్ ఏంజెలస్‌లో ఆడాలని అంతా సిద్ధం చేసుకున్నాడు. ఓనర్ల మీటింగ్‌లో ఓటు పడటమే తరువాయి. మీటింగ్ తేదీ 1941 డిసెంబరు 8. ముందురోజు ఆదివారం జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. మీటింగ్‌లో ప్రతిపాదన ఏకగ్రీవంగా వీగిపోయింది, బార్న్స్ ఓటుతో సహా.

ఆ మీటింగ్ ఒక వారం ముందు జరిగి ఉంటే? "బ్రౌన్స్ 1942లో దర్జాగా కాలిఫోర్నియాలో ఆడేది" అని రాసేవాళ్లతో నేను ఒప్పుకోను. అప్పట్లో పడమటి తీరమంతా దాడి భయంతో ఉంది. పాసడీనాలో ఏటా జనవరి 1న జరిగే రోజ్ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని ఆ ఏడాది నార్త్ కరోలినాకి తరలించారు. చికాగో నుంచి లాస్ ఏంజెలస్‌కి అన్నిటికన్నా వేగమైన రైల్లో కూడా 40 గంటలు పట్టేది, రైళ్లేమో సైనికులతో నిండిపోయాయి. నా లెక్కలో బ్రౌన్స్ పేరుకి లాస్ ఏంజెలస్ టీమ్ అయినా, యుద్ధం ముగిసేదాకా సెయింట్ లూయిస్‌లోనే అద్దె ఇంట్లో ఉన్నట్టు ఆడేది. నిజ చరిత్రలో బ్రౌన్స్ తన జీవితంలో గెలిచిన ఒకే ఒక్క లీగ్ టైటిల్ 1944లో వచ్చింది. ఆపైన రెండు లీగ్‌ల విజేతలు ఆడే ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్‌లో, కార్డినల్స్ చేతిలో ఓడిపోయింది. ఊరు వదిలి వెళ్లిపోయామని ప్రకటించిన టీమ్ అదే ఊళ్లో, ఆ ఊరి రెండో టీమ్‌తో ఫైనల్ ఆడటం ఊహించుకోండి. నవల రాసుకోవచ్చు.

అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. 1946కల్లా లాస్ ఏంజెలస్‌లో అమెరికన్ లీగ్ పాతుకుపోతుంది. పదేళ్ల తర్వాత డాడ్జర్స్ ఓనర్ పడమర వైపు చూస్తే ఖాళీ స్థలం కనిపించదు.

డాడ్జర్స్ బ్రూక్లిన్‌లోనే ఉండిపోయి ఉంటే?

అందరూ ముందు అడిగేది ఇదే. ఓనర్ వాల్టర్ ఓమాలీ మొదటినుంచీ కాలిఫోర్నియాకి పారిపోదామని చూశాడనే మాట సరికాదు. డాడ్జర్స్ మైదానం ఎబెట్స్ ఫీల్డ్‌లో పట్టేది 32 వేలమంది, పార్కింగ్ 700 కార్లకి. ఫ్లాట్‌బుష్, అట్లాంటిక్ అవెన్యూలు కలిసే చోట, రైల్వే స్టేషన్ పక్కన, సొంత డబ్బుతో స్టేడియం కడతానన్నాడు. పైకప్పు ఉన్న గోపురం నమూనా కోసం ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్‌తో మాట్లాడాడు కూడా. నగరం చేయాల్సింది అక్కడి స్థలాలు సేకరించి ఇవ్వడం. అధికారమంతా గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోసెస్ ససేమిరా అన్నాడు. ప్రైవేటు స్టేడియం కోసం ప్రభుత్వం భూసేకరణ చేయదన్నాడు. కావాలంటే న్యూయార్క్‌లోనే ఇంకో భాగమైన క్వీన్స్‌లో ఫ్లషింగ్ మెడోస్‌కి పొమ్మన్నాడు. బ్రూక్లిన్ టీమ్ క్వీన్స్‌లో ఆడితే అది బ్రూక్లిన్ టీమ్ ఎలా అవుతుందని ఓమాలీ వాదన. బెదిరింపుగా 1956లో 7, 1957లో 8 హోమ్ మ్యాచ్‌లు న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఆడించాడు. ఇప్పుడు అక్కడ దోశల హోటళ్లున్నాయి, అది వేరే సంగతి.

మోసెస్ ఒప్పుకుని ఉంటే ఓమాలీ ఉండిపోయేవాడనే నా నమ్మకం. అప్పుడు లాస్ ఏంజెలస్ ఖాళీగా ఉండేదా? ఉండేది కాదు. 1956 వరల్డ్ సిరీస్ సమయంలో లాస్ ఏంజెలస్ కౌంటీ తరఫున కెన్నెత్ హాన్ వచ్చింది వాషింగ్టన్ సెనేటర్స్‌తో మాట్లాడటానికి. డాడ్జర్స్ మధ్యలో దూరింది. కాబట్టి 1958లో లాస్ ఏంజెలస్ సెనేటర్స్, లేదా ఆ పేరు అక్కడ నప్పదు కాబట్టి ఇంకేదో. అప్పుడు 1961లో మిన్నెసోటాకి వెళ్లాల్సిన టీమ్ ఉండదు. లాస్ ఏంజెలస్‌లో డాడ్జర్స్ స్టేడియం కట్టిన చావెజ్ రవీన్ కొండల మీద మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు అంతకు ముందే, ప్రభుత్వ ఇళ్ల పథకం పేరుతో, చాలామటుకు ఖాళీ చేయాల్సి వచ్చింది. చివరి ఇళ్లను పోలీసులు 1959 మేలో బలవంతంగా ఖాళీ చేయించారు. ఆ ఒక్క దృశ్యమైనా ఉండేది కాదేమో.

మోసెస్ చూపించిన ఫ్లషింగ్ మెడోస్‌లోనే 1964లో షే స్టేడియం తెరిచారు, మెట్స్ కోసం. ఓమాలీ అడిగిన కూడలికి ఎదురుగా 2012లో బార్క్లేస్ సెంటర్ వచ్చింది. అంటే ఇద్దరు చెప్పిన చోట్లా కట్టారు, డాడ్జర్స్ కోసం మాత్రం ఏదీ కట్టలేదు.

మరి జెయింట్స్?

ఓనర్ హొరేస్ స్టోన్‌హామ్ ఎలాగూ న్యూయార్క్ వదిలేవాడే. 1957లో జెయింట్స్ మైదానం పోలో గ్రౌండ్స్‌కి వచ్చింది 6 లక్షల 54 వేలమంది. ఆయన చూపు మిన్నియాపోలిస్ మీద ఉండేది, ఎందుకంటే కుర్రాళ్లను తయారుచేసుకునే ఆయన చిన్న లీగ్ (కింది స్థాయి) టీమ్ అక్కడే ఉంది. తోడు ఉంటే ప్రయాణ ఖర్చులు కలిసొస్తాయని శాన్ ఫ్రాన్సిస్కోకి మళ్లించింది ఓమాలీ. డాడ్జర్స్ కదలకపోతే జెయింట్స్ స్టార్ ఆటగాడు విల్లీ మేస్ మిన్నియాపోలిస్‌కి తిరిగి వెళ్లేవాడు. 1951లో అక్కడ 35 మ్యాచ్‌లాడి .477 యావరేజ్ చేసినవాడు, అంటే నూటికి దాదాపు 48 సార్లు హిట్. ఆ ఊరు అతన్ని నెత్తిన పెట్టుకునేది.

కాంటినెంటల్ లీగ్ నిజంగా మొదలై ఉంటే?

న్యూయార్క్ ఒకేసారి రెండు టీమ్‌లు పోగొట్టుకున్నాక లాయర్ విలియం షే టీమ్ కోసం తిరగని చోటు లేదు. ఎవరూ ఇవ్వకపోయేసరికి 1959 జులైలో ఏకంగా మూడో లీగ్ ప్రకటించాడు. అధ్యక్షుడు బ్రాంచ్ రిక్కీ, ఆధునిక మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్‌ని డాడ్జర్స్‌కి తెచ్చిన పెద్దాయనే. న్యూయార్క్, హ్యూస్టన్, మిన్నియాపోలిస్, డెన్వర్, టొరంటో, అట్లాంటా, డల్లాస్, బఫలో: ఇవీ ఊళ్లు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 1960 ఆగస్టులో మూసేశారు, ఎందుకంటే పాత లీగ్‌లు భయపడి విస్తరణకి ఒప్పుకున్నాయి.

అది నిలబడేదా? నాకు నమ్మకం లేదు. పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, ఎక్కడినుంచి వస్తారు? మంచి కుర్రాళ్లంతా అప్పటికే పాత టీమ్‌ల కాంట్రాక్టుల్లో జీవితాంతం బందీలు. కానీ రిక్కీ ఎంచిన ఊళ్ల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ ఎనిమిదింటిలో ఏడు ఊళ్లకి, 1961 నుంచి 1993 లోపు, మేజర్ లీగ్ టీమ్ వచ్చింది. మిగిలింది బఫలో. దానికీ వింత అదృష్టం పట్టింది. కోవిడ్ వల్ల సరిహద్దు మూసేసినప్పుడు టొరంటో బ్లూ జేస్ 2020లో, 2021లో కొన్నాళ్లు బఫలోలోనే హోమ్ మ్యాచ్‌లు ఆడింది.

ఒకే ఒక్క మలుపు మార్చి ఎక్కువ చరిత్ర తిప్పాలంటే ఏది మార్చాలి?

డాడ్జర్స్ కాదు, కాన్సస్ సిటీ. 1967 అక్టోబరులో చార్లీ ఫిన్లీ అనే చాదస్తపు ఓనర్ తన ఏథ్లెటిక్స్‌ని కాన్సస్ సిటీ నుంచి ఓక్లండ్‌కి తీసుకెళ్లడానికి అనుమతి తెచ్చుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందే అక్కడి జనం కొత్త స్టేడియానికి ఓటు వేసి డబ్బు కూడా కేటాయించారు. కడుపు మండదా? మిస్సోరి సెనేటర్ స్టువర్ట్ సైమింగ్టన్ ఆ చట్టపు మినహాయింపు సంగతి తేలుస్తానని లేచాడు. లీగ్ హడలిపోయి 1971లోపు ఇస్తామన్న కొత్త టీమ్‌లను 1969కే ఇచ్చేసింది. ఒక్క టీమ్ ఇస్తే లీగ్‌లో బేసి సంఖ్య అవుతుంది, రోజూ ఒక టీమ్ ఖాళీగా కూర్చోవాలి. అందుకని కాన్సస్ సిటీ రాయల్స్‌తో పాటు సియాటిల్ పైలట్స్ పుట్టింది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. సియాటిల్ దగ్గర స్టేడియం లేదు. సిక్స్ స్టేడియం అనే చిన్న లీగ్ మైదానానికే కుర్చీలు చేర్చారు. మొదటి రోజు జనం వచ్చి నిలబడ్డా ఇంకా సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. జనం ఎక్కువైతే బాత్‌రూముల్లో నీళ్లు వచ్చేవి కావు. ఒక్క సీజన్‌కే టీమ్ దివాలా తీసింది. 1970 మార్చి 31న కోర్టు అమ్మకానికి ఒప్పుకుంది. 1966లో బ్రేవ్స్ అట్లాంటాకి వెళ్లిపోయాక టీమ్ లేకుండా మిగిలిన మిల్వాకీ కోసం అక్కడి వ్యాపారి బడ్ సీలిగ్ 1 కోటి 8 లక్షల డాలర్లకి కొన్నాడు. సామాను లారీ సియాటిల్ వెళ్లాలో మిల్వాకీ వెళ్లాలో తెలియక యూటాలో ఆగి ఉంది. వారానికి, ఏప్రిల్ 7న, మిల్వాకీలో మొదటి మ్యాచ్. చొక్కాల మీద పైలట్స్ అక్షరాలు పీకి బ్రూవర్స్ అని కుట్టారు. సియాటిల్ కేసు వేసింది, రాజీగా 1977లో మ్యారినర్స్ వచ్చింది. మళ్లీ బేసి సంఖ్య, మళ్లీ జత కావాలి, టొరంటో బ్లూ జేస్ వచ్చింది.

ఇప్పుడు ఆ అక్టోబరు ఓటు మార్చండి. ఫిన్లీ కాన్సస్ సిటీలోనే ఉంటే రాయల్స్ లేదు, తొందరపాటు లేదు. సియాటిల్‌కి 1971లో, కొత్త స్టేడియం పని మొదలయ్యాక, టీమ్ వస్తుంది, బతుకుతుంది. మిల్వాకీ ఖాళీగా ఉండదు. 1968, 69లలో చికాగో వైట్ సాక్స్ అక్కడ 20 హోమ్ మ్యాచ్‌లు ఆడింది, సీలిగ్ ఆ టీమ్‌ని కొనబోయాడు కూడా. కాబట్టి మిల్వాకీ వైట్ సాక్స్. టొరంటోకి? 1976 జనవరిలో జెయింట్స్‌ని టొరంటోకి అమ్మేశారు, కోర్టు ఉత్తర్వుతో చివరి నిమిషంలో ఆగింది. పక్కనే ఓక్లండ్ పోటీ లేకపోతే జెయింట్స్‌కి అంత కష్టం వచ్చేదే కాదు. అప్పుడు టొరంటోకి ఎవరూ మిగలరు! ఈ ముడి దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. చివరికి క్లీవ్‌లండ్‌ని పంపాను, అయిష్టంగానే.

అచ్చయిపోయిన కార్డులున్నాయంటారు, ఏంటవి?

1974లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ కార్డులు. శాన్ డియాగో పాడ్రెస్ వాషింగ్టన్‌కి వెళ్లిపోవడం ఖాయమనుకుని కొన్ని కార్డుల మీద వాషింగ్టన్ అని వేసేశారు. ఇంతలో మెక్‌డొనాల్డ్స్ రే క్రాక్ 1 కోటి 20 లక్షల డాలర్లు పెట్టి కొని టీమ్‌ని ఉన్నచోటే ఉంచాడు. ప్రత్యామ్నాయ చరిత్ర చేత్తో పట్టుకుని చూడాలంటే ఆ కార్డు ఒకటి కొనుక్కోండి.

టాంపా బే పేరు ప్రతి కథలోనూ ఎందుకొస్తుంది?

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టీమ్ లేకుండానే ఫ్లోరిడాలో టాంపా పక్కనున్న సెయింట్ పీటర్స్‌బర్గ్ గోపురం స్టేడియం కట్టి 1990లో తెరిచింది. మిగతా ఓనర్లకి అంతకన్నా కావాల్సిందేముంది? "మాకు కొత్త స్టేడియం కట్టకపోతే ఫ్లోరిడా వెళ్లిపోతాం" అనొచ్చు. 1988 జూన్ 30న వైట్ సాక్స్ కోసం ఇల్లినాయ్ శాసనసభలో గడువు అర్ధరాత్రి దాటిపోతుంటే గడియారం ఆపేసి మరీ బిల్లు గట్టెక్కించారు. 1992లో జెయింట్స్‌ని టాంపా వాళ్లు 11 కోట్ల 50 లక్షల డాలర్లకి కొనడానికి ఒప్పందం చేసుకుంటే ఓనర్లు ఆ నవంబరులో కాదన్నారు. తక్కువ డబ్బు ఇస్తానన్న స్థానికులకే టీమ్ దక్కింది. నెలలోపే స్టార్ ఆటగాడు బ్యారీ బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కోలో సంతకం చేశాడు. జెయింట్స్ టాంపా వెళ్తే బాండ్స్ కూడా వెళ్లేవాడని రాస్తారు కొందరు. వాళ్ల నాన్న ఆడిన టీమ్, విల్లీ మేస్ అతని గాడ్‌ఫాదర్. అతను వచ్చింది ఊరి కోసం. టాంపా బేకి చివరికి 1998లో సొంత టీమ్ వచ్చింది.

1994 సమ్మె జరగకపోతే మాంట్రియాల్ ఎక్స్‌పోస్ బతికేదా?

ఆగస్టు 12న ఆటగాళ్ల సమ్మె మొదలయ్యేసరికి ఆ టీమ్ 74 గెలుపులు, 40 ఓటములతో లీగ్ అంతటికీ పైన ఉంది. కప్పు గెలిచేదేమో. కానీ స్టేడియం సమస్య కప్పుతో తీరేది కాదు. ఆ టీమ్ 2005లో వాషింగ్టన్‌కి వెళ్లిపోయింది, ఆ వలస ఇంకో పదేళ్లు ఆలస్యమయ్యేదని నా అంచనా, అంతే.

ఇప్పుడు ఊరు మారుతున్న టీమ్ ఏదైనా ఉందా?

మళ్లీ ఏథ్లెటిక్స్. ఫిలడెల్ఫియా, కాన్సస్ సిటీ, ఓక్లండ్ అయ్యాయి. 2024 సెప్టెంబరు 26న ఓక్లండ్‌లో చివరి మ్యాచ్‌కి 46,889 మంది వచ్చారు. 2025 నుంచి వెస్ట్ శాక్రమెంటోలో ఒక చిన్న లీగ్ మైదానంలో ఆడుతున్నారు, లాస్ వెగాస్‌లో స్టేడియం 2028కి సిద్ధమవ్వాలి. అప్పటిదాకా టీమ్ పేరులో ఏ ఊరూ లేదు, ఉత్త ఏథ్లెటిక్స్. చొక్కా ఒక చేతి మీద శాక్రమెంటో, ఇంకో చేతి మీద లాస్ వెగాస్.

మరి ఓక్లండ్ బాకీ? లీజు పొడిగింపు చర్చల్లో ఆ నగరం కొత్త టీమ్ హక్కు కూడా అడిగింది. చర్చలు తెగిపోయాయి. లీగ్ 32 టీమ్‌లకి పెరుగుతుందని, తన పదవీకాలం 2029 జనవరిలో ముగిసేలోపు ఊళ్లను ఎంచుతానని కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ చెబుతున్నాడు. నాష్‌విల్, సాల్ట్ లేక్ సిటీ, పోర్ట్‌లండ్ పేర్లు వినిపిస్తున్నాయి. 1967లో కాన్సస్ సిటీకి దొరికిన సెనేటర్ లాంటివాడు ఓక్లండ్‌కి ఇంకా దొరకలేదు.